పొలిమేర దాటిన వంగ విత్తనం

అసిరమ్మకు కోపం వచ్చిందన్న సంగతి ఊరికి ఆమె నోటి వల్ల తెలియదు, ఆమె చేను వల్ల తెలుస్తుంది. మాట పడ్డ రోజున ఆమె ఇంట్లో కూర్చోదు. కొంగు నడుముకు బిగించి చేలోకి దిగుతుంది. పొద్దు వాలేసరికి ఆ చేలో పీకడానికి గడ్డిపరక మిగలదు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, దసరాల ముందు ఒక మధ్యాహ్నం ఆమె బెండ చేలో తుంగ పీకుతుంటే, పక్క చేను దేముడమ్మ అంబలి ముంత గట్టు మీద దించి కాసేపు చూసింది.

"ఏటొదినా, తుంగే పీకుతన్నావా, ఎవుడి జుట్టయినా పీకుతన్నావా?"

"పీకడానికి ఉంటే గదా. ఆడిది బట్టతల."

దేముడమ్మకు అర్థమైపోయింది. ఊళ్లో పేరుపడ్డ బట్టతల ఒక్కటే, అది ఊరి అమ్మవారి పండగ నడిపించే పండగపెద్ద గణపతిరావుది. ఆమె మరేమీ అడగకుండా సగం అంబలి మూతలోకి వంచి, పక్కన ఉల్లిపాయ ముక్క పెట్టి వదిన ముందుకు జరిపింది. కోపంలో ఉన్న మనిషి అన్నం మానేస్తుందని తెలిసినవాళ్లు ముందు ఓదార్పు మాటలు చెప్పరు, కడుపులోకి ఏదో ఒకటి పంపిస్తారు.

ఆ ఊరు ఏటొడ్డువలస. నాగావళి ఒడ్డున కూరలు పండించి, తెల్లారేసరికి గంపలు శ్రీకాకుళం బజారులో దింపే రైతుల ఊరు. అసిరమ్మ పెనిమిటి పోయేనాటికి కొడుకు ఎల్లాజీ ఆమె నడుము ఎత్తు కూడా లేడు. గంప మోసి మోసి వాణ్ణి పెంచింది. చైనాతో యుద్ధం అయ్యాక పటాలంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి వాడు వెళ్లి చేరాడు. లడాఖ్ అనే చోట మంచుకొండల మీద ఉన్నాడని విన్న నాటినుంచి, సంజెవేళ దీపం పెట్టి కళ్లు మూసుకుంటే ఆమెకు ఒక్కటే కనిపించేది. తెల్లటి కొండ, దాని కొమ్మున తుపాకీ పట్టుకుని నిలబడ్డ కొడుకు. ఆ బొమ్మనే ఆమె రేవులోనూ బజారులోనూ అందరికీ చెప్పుకుంది.

ఇప్పుడు వాడు రెండు నెలల సెలవు మీద వచ్చాడు. వాడికంటే ముందు వాడి కబురు వచ్చేసింది. పక్క ఊరి పైడిరాజు కూడా పటాలంలోనే ఉన్నాడు. ఆ మధ్య సెలవుకు వచ్చినప్పుడు అతను శ్రీకాకుళం టీకొట్టులో కూర్చుని, ఆ మంచులో మీ ఎల్లాజీ పండించిన కూర తిన్నాను, ప్రాణం లేచొచ్చింది అని చెప్పాడట. మంచికే చెప్పాడు. ఆ మాట ఊరు చేరేసరికి దాని ప్రాణం పోయి తోలు మిగిలింది. పటాలం వాళ్లు ఎల్లాజీకి తుపాకీ ఇవ్వలేదు, పాదులు తవ్వే బొరిగె ఇచ్చారు, ఇదీ ఊళ్లో అనుకుంటున్నది. ఆ పొద్దున్నే అసిరమ్మ ఖాళీ గంపతో వీధి వెంట వస్తుంటే, గణపతిరావు అరుగు మీద కూర్చుని ఆమెకు వినబడేలా అన్నాడు.

"సైనావోడు మన అసిరమ్మ కొడుకు ముల్లంగిని సూసి బెదిరిపోయి ఎనక్కెల్లిపోనాడంట."

అరుగు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఆమె పండించిన వంకాయ తినని ఇల్లు ఒక్కటి లేదు.

ఇంటికి వచ్చేసరికి ఎల్లాజీ పెరట్లో బీరపాదు పందిరి బిగిస్తున్నాడు. వాడి చేతిలో తాడు చూడగానే ఆమెకు ఇంకా మండింది.

"ఒరే, నువ్వు నిజంగా అక్కడ కూరలు పండిస్తన్నావేటి?"

"అవునమ్మా. వంటశాల పని నాది. తీరిక దొరికితే మొక్కలు."

"మరి తుపాకీ?"

"అదీ ఇచ్చేరు. ఎత్తాల్సిన రోజొస్తే ఎత్తుతాను. రోజూ ఎత్తేది గుండిగలే."

"కూరలు పండించడానికి అంత దూరం ఎల్లాలేట్రా? ఇక్కడ ఏరు ఎండిపోనాదా?"

ఎల్లాజీ ముడి వేయడం ఆపలేదు. వాడిది తండ్రి పోలిక, బాధ కలిగితే మాట తగ్గిపోతుంది. "పుట్టి బుద్దెరిగినకాడ్నుంచి నువ్వు సేసిన పనే గదమ్మా. నీకే నామోషీ అయితే నాను ఇంకెవులికి సెప్పుకోను" అన్నాడు.

గణపతిరావు మీద కోపం, కొడుకు మీద కోపం, జవాబు లేని తన మీద కోపం, మూడూ కలిసి తుంగ మీద పడ్డాయి.

సాయంత్రం ఎల్లాజీ చేలోకి వచ్చాడు. అమ్మ పీకిన కుప్పను ఎత్తి గట్టు అవతల పోశాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ముందు ఆమే అడిగింది. కోపం చల్లారి అడిగింది కాదు, రైతు గనక ఉండబట్టలేక అడిగింది.

"ఆ నేల ఏ రంగు?"

"బూడిదరంగమ్మా. రాళ్లూ, పొడి. వైశాఖం దాకా గునపం దిగదు, ఖంగుమంటాది. ఎండలో మొకం కాలతాది, పక్కనే నీడలో కాళ్లు కొంకర్లు పోతాయి."

"ఎరువు?"

"సామాన్లు మోసే కంచరగాడిదలున్నాయి గదా. ఆటి పేడే."

కొడుకు చెబుతుంటే ఆమె వింది. అక్కడ డబ్బాల్లో వచ్చిన కూరే నెలల తరబడి తినాలి. పచ్చనిది కంటికి కనిపించక కుర్రాళ్లు అన్నం పళ్లెం ముందు పెట్టుకుని అటు తిరిగి కూర్చుంటారు, కొందరికి చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది. అది చూసి వీడు మొదటి వేసవిలో ముల్లంగి వేశాడు, వచ్చింది. ముల్లంగి వచ్చింది కదా అని ఇంటినుంచి పట్టుకెళ్లిన వంగ గింజలు తీశాడు. అమ్మ నేర్పినట్టుగానే మృగశిర కార్తె వచ్చేదాకా ఆగి పోశాడు.

"మృగశిరకి ఎందుకాగేవురా" అంది అసిరమ్మ.

"ఇక్కడ అప్పుడే గదమ్మా పోస్తాం. అలవాటుగా ఆగిపోనాను. మొక్క పూతకొచ్చేసరికి మఖ కార్తె. మళ్లీ మంచొచ్చేసింది. పువ్వు మీద ఉండగానే నల్లగా కాల్సేసింది."

రెండో వేసవిలో ముందుగానే పోశాడు. మొక్కలు నిలిచాయి. పొద్దు వాలాక నీళ్లు పెట్టాడు. ఎండపూట నీళ్లు పెడితే వేరు ఉడికిపోతుందని చిన్నప్పటినుంచి అమ్మ చెప్పిన మాటే. తెల్లారి చూస్తే పెట్టిన నీళ్లు పాదుల్లో అద్దంలా గడ్డకట్టి ఉన్నాయి. మొక్కలన్నీ వడిలి వాలిపోయాయి.

అసిరమ్మ ముఖం ఎర్రబడింది. "నానేటి తప్పు సెప్పేనా? సాయంత్రం నీళ్లు పెట్టడం తప్పా? నీళ్లని రాయి సేసే ఊరిని ఏ దేముడు పెట్టేడ్రా? పసిమొక్కలేటి సేసేయి దానికి?"

ఆమె ఆ మంచు మీద అలా విరుచుకుపడుతుంటే ఎల్లాజీకి ఇంటికి వచ్చాక మొదటిసారి నవ్వు వచ్చింది.

మూడో వేసవిలో, నేల ఇంకా కరగకముందే వాడు వంగ గింజలు తడిగుడ్డలో మూటకట్టి నడుముకు కట్టుకున్నాడు. ఇక్కడ వడ్లు మొలకెత్తడానికి మండె కడితే గడ్డీ గోనే వేడినిస్తాయి. అక్కడ వేడి ఉన్నది మనిషి ఒంట్లోనే. మూటతోనే వంట చేశాడు, మూటతోనే పడుకున్నాడు. మొలక వచ్చాక నాటాడు. నల్లరాళ్లు ఏరి తెచ్చి ప్రతి మొక్క చుట్టూ పేర్చాడు, పగలు కాగిన రాయి పొద్దుపోయాక కూడా కాస్త వెచ్చగా ఉంటుంది. మంచు కరిగి వచ్చే వాగునీరు మొక్కకు విషంతో సమానం. అందుకని నీళ్లు కిరసనాయిలు డబ్బాల్లో ఎండకు పెట్టి, గోరువెచ్చనయ్యాక పొద్దెక్కిన తర్వాత పోసేవాడు. చీకటిపడే ముందు ప్రతి మొక్క మీదా ఖాళీ పాలడబ్బా బోర్లించేవాడు, తెల్లారాక తీసేవాడు. పక్కనున్న కుర్రాళ్లు, ఎల్లాజీ పిల్లలకి దుప్పటి కప్పుతున్నాడు అని నవ్వేవారు. కాని వాడికి ఒంట్లో బాగోలేని రోజున ఆ నవ్వినవాళ్లే వెళ్లి డబ్బాలన్నీ బోర్లించి వచ్చారు.

"ఒక్క మొక్క కాసిందమ్మా. దాని సుట్టూ నిలబడి అందరూ సూసేరు, పురిట్లో బిడ్డని సూసినట్టు. పంజాబు వోళ్లు, బెంగాలు వోళ్లు, అందరూ. ఆ కాయలు కోసి జ్వరంతో ఉన్నోళ్లకి కూర సేసి పెట్టేను. ఆ ఏడాది పైడిరాజు తిన్నది అదే."

అసిరమ్మ ఏటివైపు చూసింది. వరద తీసిన దగ్గరనుంచి మళ్లీ వరద వచ్చేలోపు ఇసుకతిన్నె మీద దోసపాదు పండించుకునే మనిషి ఆమె. కాలం తరుముకొస్తుంటే పంట తీయడం అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"నా ఏరైనా నయం. వొచ్చే ముందు సప్పుడు సేస్తాది" అంది. తర్వాత, "ఇంత సేసినోడిని ఆ బట్టతలోడు నవ్వుతాడా" అంది. కోపం అలాగే ఉంది గాని, ఇప్పుడు దానికి ఒక్కటే దారి, గణపతిరావు వైపు.

ఎల్లాజీ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఇంటినుంచి పట్టుకెళ్లిన గింజలు అయిపోయాయి. ఆ కాసిన మొక్క పూత మీద ఉండగా ఒక రోజు ముసురు పట్టి, ఇక దక్కదనుకున్నప్పుడు వాడు ఊరి అమ్మవారిని తలుచుకున్నాడు. తల్లీ, దీన్ని నిలబెట్టు, వచ్చే ఏడాది నీ ఘటంలో గింజ తెచ్చి ఈ కొండ మీద వేస్తాను అని మొక్కుకున్నాడు. మొక్క నిలిచింది. సెలవు ఈ నెలల్లోనే అడిగి పుచ్చుకున్నది అందుకే.

అమ్మవారి పండగ ముందురోజును ఆ ఊళ్లో తొలేళ్లు అంటారు. ఆ రోజు సాగుచేసే ప్రతి ఇల్లూ తన గింజలు తెచ్చి అమ్మవారి ముందు ఘటంలో పోస్తుంది. వంగ, బెండ, బీర, తోటకూర, అన్నీ కలిసిపోతాయి. పూజయ్యాక పూజారి ఇంటికొక గుప్పెడు తిరిగి ఇస్తాడు. ఎవరి గింజ ఎవరికి వచ్చిందో అమ్మవారికే తెలియాలి. ఆ గుప్పెడు ముందు చల్లాకే తక్కిన విత్తనం చేలో పడుతుంది.

తొలేళ్ల సాయంత్రం ఎల్లాజీ ఏట్లో స్నానం చేసి తల్లి వెనక నిలబడ్డాడు. అసిరమ్మ కొంగులో గుప్పెడు పడింది. వాడు దోసిలి పట్టాడు. పూజారి చెయ్యి ఘటంలోకి వెళ్లింది. గణపతిరావు ఆగమన్నాడు.

"ఈడికెందుకు?"

"మొక్కున్నాది బాబూ. మంచుకొండల మీద ఏస్తాడు" అంది అసిరమ్మ.

"అమ్మవారి గింజ పొలిమేర దాటకూడదు. తాతలనాటి కట్టు. పైగా మంచులో ఏస్తే సస్తాది. అమ్మ గింజని సంపుకుంటామేటి?" అంతటితో ఆగినా బాగుండేది. అతను ఎల్లాజీ వైపు తిరిగాడు. "అసలు నువ్వెవులివిరా? సిపాయివైతే గింజలేటి? రైతువైతే తుపాకీ ఏటి? నిన్ను ఏ వరసలో నిలబెట్టాల?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎల్లాజీ పట్టిన దోసిలి మెల్లగా విడిపోయింది.

దారిన పోయే బిచ్చగాడు వచ్చి చెయ్యి చాపినా ఆ గుడిలో పసుపైనా పెట్టి పంపుతారు. ఉత్త చేతులతో మనిషిని అమ్మవారి ఎదటనుంచి తిప్పడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. అది గణపతిరావు చేశాడు, ఊరు చూస్తూ నిలబడింది.

దేముడమ్మ నోరు తెరిచింది. ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. గణపతిరావు కూతురు సూర్యకాంతాన్ని గరివిడిలో ఇచ్చారు. ప్రతి ఏడాదీ పండగ వెళ్లగానే అతను తన ఇంటి గుప్పెట్లోంచి నాలుగు గింజలు తమలపాకులో చుట్టి, కూతురి పెరట్లో వేయడానికి పట్టుకెళతాడు. ఆ అమ్మాయికి పుట్టిన బిడ్డలు దక్కలేదు. అమ్మవారి గింజ మొలిస్తే కూతురి ఒడి నిండుతుందని ఆ తండ్రి ఆశ. మరి గరివిడి పొలిమేర లోపల ఉందా?

అసిరమ్మ దేముడమ్మ చెయ్యి గట్టిగా నొక్కింది. "ఒద్దు. అది ఆడకూతురి సంగతి" అని చెవిలో అంది. తర్వాత గణపతిరావు ముఖంలోకి చూసింది.

"కట్టు కట్టే బాబూ. గింజ దాటదు. కాని అమ్మ సూపు కూడా పొలిమేర కాడే ఆగిపోతాదని మాత్రం అనకండి. ఆగిపోతే ఇన్నాళ్లూ నా కొడుకుని మంచులో కాసింది ఎవులు?"

ముసలి పూజారి ఘటం దగ్గరనుంచి లేచి వచ్చి, ఎల్లాజీ నుదుట పసుపు అద్ది, వాడి భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఉంచాడు. అతను చేయగలిగింది అంతే, అది చేశాడు.

ఇంటికి వచ్చి అసిరమ్మ తన గుప్పెడు చాటలో పోసి ఎల్లాజీ ముందుకు తోసింది. "తీసుకో. నా సేను నా ఇష్టం."

"కట్టు తప్పించి ఎత్తుకుపోయిన గింజతో మొక్కు తీరదమ్మా. ఒద్దు." వాడి మాట నెమ్మదిగానే ఉంది. ఆ నెమ్మదే ఆమెను ఎక్కువ కోసింది. రేపు ఆ కొండ మీద పాదులు తవ్వి, ఇచ్చిన మాట చెల్లించలేక వీడు ఉత్త చేతులతో నిలబడతాడు. ఇంతకూ వీడు చేసిన తప్పేమిటి? ఆకలి వేసిన వాళ్లకు అన్నంలోకి కూర పండించడం.

ఆమె చాట దగ్గరకు లాక్కుని గింజలు ఏరడం మొదలుపెట్టింది. బెండ ఒక పక్కకి, బీర ఒక పక్కకి. వంగ గింజలు వేలికొనతో చిన్న కుప్పగా చేసింది. ఏరుతూ ఏరుతూ ఆగింది.

"ఒరే, గింజ దాటకూడదన్నాడు. దాని కాయ దాటకూడదన్నాడా?"

ఎల్లాజీ తలెత్తాడు.

"నానేసిన వంకాయలు రోజూ ఏరు దాటి శ్రీకాకుళం ఎల్తన్నాయి. ఆటిలో గింజలుండవేటి? ఎవుడైనా ఎప్పుడైనా ఆపేడా? ఈ గింజ ఇక్కడే ఏస్తాను. దానికి కాసిన కాయ పండబెడతాను. ఆ పండులో గింజ నా సేను గింజ, దానికి తల్లి అమ్మవారి గింజ. నీ మొక్కు తీరదా?"

వాడు ఆలోచించాడు. తల్లి మాటకు సంతోషపడి ఒప్పుకునే మనిషి కాదు వాడు. లేచి వెళ్లి దీపం ఎదట నిలబడి వచ్చాడు. "తీరతాదమ్మా" అన్నాడు. "కాని పండు ముదిరేసరికి శివరాత్రి దాటిపోతాది. నాను మార్గశిరంలోనే ఎల్లిపోవాల."

"నువ్వెల్లు. గింజ ఎనకొస్తాది."

ఎల్లాజీ వెళ్లేలోపు నారు పోసి, ఎత్తి, తల్లీ కొడుకూ కలిసే నాటారు. వాడు వెళ్లిపోయాక పుష్యమాసంలో ఒక సాయంత్రం ఏటి మీదనుంచి చలిగాలి వస్తుంటే, ఆమె తనకు తెలియకుండానే కొబ్బరిచిప్పలు తెచ్చి ఆ మొక్కల మీద బోర్లించబోయింది. నడుమెత్తు మొక్కల మీద చిప్ప ఎక్కడ కూర్చుంటుంది? దేముడమ్మ చూసి, "ఒదినకి కూడా లడాఖు గాలి తగిలింది" అంది. అసిరమ్మ చిప్పలు ఏరుకుని, "నవ్వు, నీకూ బట్టతలొస్తాది" అంది.

గణపతిరావు ఇంటికి ఆమె కూర వేయడం మానలేదు. మునుపటిలాగే గుమ్మంలో గంప దించేది, అతని భార్యకు కొసరు వేసేది, అతను వీధిలోకి వస్తే మాత్రం మాట లేకుండా గంప ఎత్తుకునేది. ఒక రోజు అతను ఏటికి వెళుతూ ఆమె చేను గట్టు మీద ఆగాడు. మేలైన మొక్కలకు కాయలు కోయకుండా వదిలేసి ఉన్నాయి, పసుపు తిరిగి బరువుగా వేలాడుతున్నాయి.

"అవెందుకొదిలేసేవు?"

"గింజకి బాబూ."

అతను అర్థం కానట్టు నటించలేదు. అడ్డం చెప్పకుండా ఏటివైపు వెళ్లిపోయాడు.

మాఘం వెళ్లాక ఆమె ఆ పళ్లు చీల్చి, గింజ కడిగి, బూడిద పట్టించి, నీడన ఆరబెట్టింది. ఎండిన సొరబుర్రలో పోసి, మూతికి మైనం పెట్టి, గుడ్డ కట్టింది. ఆ చైత్రంలో పైడిరాజు మళ్లీ సెలవుకు వచ్చాడు. తిరిగి వెళ్లే రోజున ఆమదాలవలస స్టేషనుకు వెళ్లే బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే, అసిరమ్మ సొరబుర్ర తీసుకుని వెళ్లింది. అతనికి ఒక చేతిలో ట్రంకుపెట్టె, ఒక చేతిలో పరుపుచుట్ట.

"సాయంత్రం నీళ్లు పెట్టొద్దని సెప్పు ఆడికి. ఎండలో పెట్టిన నీళ్లే పొయ్యమను" అంది.

"ఆడికి తెలుసు అత్తా."

"తెలిసినా సెప్పు."

అప్పుడు చూసింది. చెట్టునీడలో గణపతిరావు ఉన్నాడు. గరివిడి వెళ్లే రైలు అందుకోవడానికి అదే బస్సు కోసం వచ్చాడు. చేతిలో కూతురి కోసం చిన్న మూట ఉంది. సొరబుర్రను చూశాడు. ఏమంటాడో అననీ అని అసిరమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఇన్నాళ్లూ దాచిన గరివిడి గింజల మాట ఆమె నాలుక మీదే ఉంది.

అతను ఆమె వైపు చూడకుండా పైడిరాజుతో అన్నాడు. "బుర్ర తడవనీకు. రైల్లో కిటికీ కాడ పెట్టకు."

"ఆ మాటేదో ఆ రోజు అమ్మ ముందరే అనుంటే బాబూ, నా కొడుకు ఉత్త సేతుల్తో తిరిగేవోడు కాడు" అంది అసిరమ్మ.

గణపతిరావు తల పైకెత్తలేదు. "ఆ రోజు దేముడమ్మని నువ్వాపడం సూసేను" అన్నాడు.

బస్సు వచ్చింది. పెట్టె ఎక్కించడానికి పైడిరాజుకు చేతులు చాలలేదు. గణపతిరావు ముందుగా ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, చెయ్యి బయటికి చాపి ఆ సొరబుర్రను అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. బస్సు పొలిమేర రాయి దాటుతున్నప్పుడు అతని రెండు చేతులూ దాని చుట్టూ ఉన్నాయి.

అసిరమ్మ దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడింది. కోపం పోయిందా అంటే పోలేదు. అమ్మవారి ఎదట విడిపోయిన ఆ దోసిలి ఆమె కళ్లలో ఇంకా ఉంది, ప్రాణం పోయేదాకా ఉంటుంది. కాని ఆ సాయంత్రం గణపతిరావు ఇంట్లో అతని భార్య ఒక్కతే ఉంటుందని గుర్తొచ్చి, చేలోంచి ఆమె కోసం నాలుగు లేత వంకాయలు ఎక్కువ కోసింది.